మొదటి గిలాస చాయ్

బిక్షపతి చాయ్ సంగతి ఆ రోజుల్లో మాదాపూర్ గుట్టల్లో చెమటోడ్చిన ఎవరినైనా అడగండి, చెబుతారు. తొంభై ఏడులో ఆ బండరాళ్లను మందు పెట్టి పేల్చి, నేల చదును చేసి, గుండ్రటి పెద్ద మేడ లేపుతున్నప్పుడు గేటుకు ఎదురుగా నాలుగు గుంజలు పాతి, పైన టార్పాలిన్ కప్పి చాయ్ డబ్బా పెట్టింది అతనే. పాలమూరు నుంచి వచ్చిన కూలీల దగ్గర్నుంచి నెత్తిన పసుపు టోపీ పెట్టుకున్న ఇంజనీర్ల దాకా అందరూ అక్కడికే వచ్చేవారు. చాయ్ పత్తి దండిగా వేసి, పొంగు మీద పొంగు రానిచ్చి, నాలుకకు అంటుకుపోయేంత కడక్‌గా కాచేవాడు. ఆ చాయ్ తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదని కూలీలు మెచ్చుకునేవారు. ఆకలి తెలియకపోవడం కూడా ఒక మెప్పేనా అని మీరు అడగొచ్చు. రాళ్లు మోసేవాడికి మెప్పే.

ఆ చాయ్ తప్ప ఈ లోకంలో తనదని చెప్పుకోవడానికి బిక్షపతికి మరొకటి లేదు. తండ్రి చంద్రయ్య రాళ్లు కొట్టి కొట్టి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని పోయాడు. తల్లి చెన్నమ్మ కొడుకును పన్నెండేళ్లకే మూసాపేటలో ఒక హోటల్లో గిలాసలు కడగడానికి పెట్టింది. పదేళ్లు కడిగాడు. ఆ పదేళ్లలో హోటలాయన అతన్ని ఒక్కనాడు పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే దూరం నుంచి చూసే చాయ్ కాయడం నేర్చుకున్నాడు. అలాంటివాడి దగ్గరికి ఇప్పుడు ఇంజనీరు సారు వచ్చి, బిక్షపతీ ఒకటి ఇవ్వు అంటే ఛాతీ పొంగదా మరి. జాలి కలుగుతుంది, నిజమే. కానీ జాలిపడుతూ కూర్చుంటే మిగతాది చెప్పలేను.

భార్య పేరు కనకలక్ష్మి. కొండాపూర్ దాటాక గుట్ట పక్కన ఉన్న చిన్న బస్తీలో రెండు గదుల ఇల్లు వాళ్లది. పెళ్లయిన మరుసటేడు ఆమెకు కడుపొచ్చింది. బస్తీకి వచ్చే నర్సు మార్తమ్మ ఎర్ర గోలీలు కాగితంలో చుట్టి ఇచ్చి, రక్తం తక్కువగా ఉంది, రోజుకొకటి వేసుకోమని చెప్పి వెళ్లింది. గోలీలు మింగితే బిడ్డ బాగా పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని చెన్నమ్మ వాటిని అటక మీద డబ్బాలో పడేసింది. కనకలక్ష్మి అత్తకు ఎదురు చెప్పలేదు. బిక్షపతి ఆ గోలీలెక్కడున్నాయో కూడా అడగలేదు. ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్లు చూసుకుంటారని తన పనిలోనే గడిపేశాడు. ఎనిమిదో నెలలో చనిపోయిన బిడ్డ పుట్టింది.

రెండోసారి నెల తప్పినప్పుడు మార్తమ్మ ఆడవాళ్లతో మాట్లాడి ఊరుకోలేదు. నేరుగా చాయ్ డబ్బా దగ్గరికి వచ్చింది. గుడివాడ వైపు నుంచి వచ్చి పదేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్న మనిషి, ఎవరికీ జంకదు. కనకలక్ష్మి వేలు పొడిచి రక్తం చూశానని, ఏడున్నర గ్రాములే ఉందని, కాన్పు నాటికి కనీసం పది ఉండాలని, లేకపోతే ఒక గిన్నెడు రక్తం పోయినా మనిషి దక్కదని చెప్పింది. కూలీలంతా వింటున్నారు.

"పోయినసారి మీ ఆవిడ గోలీలు వేసుకోలేదు. ఎందుకో తెలుసాండీ? వేసుకున్నావా అని మీరు ఒక్కరోజు కూడా అడగలేదు కాబట్టి."

ఆ మాట బిక్షపతికి సూదిలా గుచ్చుకుంది. పదిమంది ముందు తలకాయ తీసేసినట్టయింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ రోజు అతనికి కోపం రాలేదు, సిగ్గేసింది. సాయంత్రం ఇంటికి వచ్చి గోలీల పొట్లం తల్లి చేతిలోంచి లాక్కుని జేబులో వేసుకున్నాడు. ఈసారి నేను చూసుకుంటానన్నాడు. పది గ్రాములు కాదు, పన్నెండు చేసి చూపిస్తానన్నాడు.

చాయ్ అమ్మేవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. తెల్లవారి పొయ్యి వెలిగించి, మొదటి గిన్నె దింపగానే మొదటి గిలాస ఎవరికీ ఇవ్వరు. డబ్బా ముందు నేల మీద పోస్తారు. అది భూమికి, దేవుడికి, ఆ రోజు బేరానికి. మూసాపేటలో గిలాసలు కడుగుతూ చూసి నేర్చుకున్న ఆ ఆనవాయితీని బిక్షపతి ఎన్నడూ తప్పింది లేదు. అలాంటిది మర్నాడు పొద్దున పాల క్యాను పట్టుకుని డబ్బా దగ్గరికి వచ్చిన కనకలక్ష్మిని బల్ల మీద కూర్చోబెట్టి, ఒక ఎర్ర గోలీ అరచేతిలో పెట్టి, మొదటి గిలాస ఆమెకు అందించాడు. ఆమె బిత్తరపోయింది. భూమికి పోయవా అని అడిగితే, నా భూమి నువ్వేనన్నాడు.

పెళ్లయిన మూడేళ్లలో కనకలక్ష్మి అతని నోట విన్న మంచి మాట అదొక్కటే. కళ్లనీళ్లు పెట్టుకుని గోలీ మింగి, చాయ్ తాగింది. ఆ తర్వాత రోజూ అంతే. పావు తక్కువ ఆరింటికి ఆమె వచ్చేది, అతను పక్కన కూర్చునేవాడు, గోలీ లోపలికి పోయేదాకా చూసేవాడు. ఆరింటికి కూలీలు వచ్చి పడేదాకా ఆ పావుగంట వాళ్లిద్దరిదీ. కొడుకు పుడితే ఏం పేరు పెట్టాలో, ఆ మేడలో వాడికి ఎలాంటి ఉద్యోగం రావాలో అతను చెబుతుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

వారం తిరిగేసరికి మార్తమ్మ బస్తీ ఆడవాళ్లను కూర్చోబెట్టి మరోసారి అన్నీ చెప్పింది. కనకలక్ష్మి ఆ మాటలు బుద్ధిగా విని, మర్నాడు పొద్దున భర్త ముందు నసిగింది.

"జర ఇంటవా. గోలీ చాయ్‌తోని ఏసుకోవద్దట. చాయ్ల వగరుంటది, గోలీని ఒంటికి పట్టనియ్యదట. నిమ్మకాయ నీళ్లతోని మింగుమన్నది నర్సమ్మ."

బిక్షపతి నవ్వాడు. నర్సమ్మకు చాయ్ పెట్టడం చేతకాదు, అందుకే అలా అంటుందన్నాడు. పాలున్నాయి, చక్కెరుంది, అల్లముంది, ఇంతకన్నా బలమేముంటుందన్నాడు. ఆ రోజంతా వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పి నవ్వించాడు. నీళ్లలో బలముందట, నా చాయ్‌లో లేదట అని. కనకలక్ష్మి ఇక ఆ ఊసెత్తలేదు. ఎత్తితే ఆ పావుగంట పోతుందని భయపడింది. పిచ్చిది. అలాంటి పావుగంటలు ఆడదానికి హక్కుగా దక్కాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఈ లోపల బిక్షపతి పేరు మోగిపోయింది. భార్యకు దగ్గరుండి గోలీ మింగించే మొగుడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఇళ్లలో అటకల మీద ఎర్ర గోలీలు పేరుకుపోతుంటే విసిగిపోయిన మార్తమ్మకు అతను దేవుడు పంపినవాడిలా కనిపించాడు. మొగుడు పట్టించుకుంటే చాలు, ఆడది తప్పకుండా వేసుకుంటుందని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. నెలకొకసారి మగవాళ్లను బడి వరండాలో కూర్చోబెట్టడం మొదలుపెట్టి, బిక్షపతి గారిని చూసి నేర్చుకోండి అని చెప్పేది. గారు అనే మాట అతని పేరు చివర ఎవరైనా చేర్చడం అదే మొదటిసారి. అతని కాళ్లు నేల మీద ఆనలేదు.

మూడో మీటింగులో మార్తమ్మ ఒక ఆలోచన చేసింది. అందరి ముందూ కనకలక్ష్మి రక్తం చూసి, రెండు నెలల్లో ఎంత పెరిగిందో మగవాళ్లకు చూపించాలనుకుంది. పై నుంచి డాక్టరు కూడా వచ్చి కూర్చున్నాడు. బిక్షపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మార్తమ్మ వేలు పొడిచింది, గాజుగొట్టంలోకి రక్తం తీసింది, పక్క గాజు రంగుతో సరిపోయేదాకా చూసింది, మళ్లీ చూసింది. ఆమె మొహం మారిపోయింది.

రక్తం పెరగలేదు. ఏడుకు పడింది.

గోలీలు వేసుకుంటున్నావా అమ్మా అని అడిగింది. వేసుకుంటున్నానంది కనకలక్ష్మి. డాక్టరు పెదవి విరిచి, వీళ్లంతా ఇలాగే చెబుతారన్నాడు. వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. పెళ్లాం చేత గోలీ మింగించలేనివాడు మనకు చెబుతాడట అన్నాడు. నీళ్లతోనే వేసుకుంటోందా, లేక చాయ్‌తోనా అని మార్తమ్మ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అప్పటికే ఆమె సిగ్గుతో తల దించుకుని గాజుగొట్టం కడుగుతోంది, అడగలేదు.

ఆ సాయంత్రం బిక్షపతి ఇల్లంతా తిరగేశాడు. బియ్యం డబ్బా నేల మీద కుమ్మరించాడు. బొంతలు విప్పాడు. చూరులో చేయి పెట్టి వెతికాడు. గోలీలు ఎక్కడా లేవు. కనకలక్ష్మి పెట్టె అడుగున పలక మీద రాసే బలపాలు మాత్రం గుప్పెడు దొరికాయి. రక్తం తగ్గిన ఆడవాళ్లు మట్టీ బలపాలూ నములుతారు, ఒళ్లు అడుగుతుంది, వాళ్ల చేతిలో ఉండదు. అతనికి అది తెలియదు. తన చాయ్ కాదని దొంగతనంగా మట్టి తింటోందనుకున్నాడు. గోలీ నాలుక కింద దాచుకుని, తను అటు తిరగగానే ఊసేస్తోందనుకున్నాడు. చెన్నమ్మ గడపలో కూర్చుని, నేను ముందే చెప్పలేదా అంది. ఏం ముందే చెప్పిందో ఆమెకే తెలియాలి.

కనకలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడి, అన్నీ మింగానని పదిసార్లు చెప్పింది. పదకొండోసారి వేరే మాట చెప్పింది.

"మింగుతనే ఉన్న. గా చాయ్‌తోనే పాడైతున్నదేమో. ఒక్క నెల నీళ్లతోని ఇచ్చి సూడరాదు."

చెంప మీద కొట్టాడు. ఆరో నెల కడుపుతో ఉన్న మనిషి కింద కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ చాయ్ పోసి నన్ను బతికించావనాల్సింది పోయి, తప్పు నా చాయ్ మీద పెడతావా అని అరిచాడు. ఇంజనీర్లు తాగుతారు, ఎవడైనా సచ్చాడా అన్నాడు. దేవుడికి పోసేది తెచ్చి నీకు పోస్తున్నాను కదే అన్నాడు. అన్నిటికన్నా ఆ చివరి మాటే ఆమెను ఎక్కువ కొట్టి ఉంటుంది. నిజమే కదా, దేవుడికి పోసేదే పోశాడు.

మర్నాటి నుంచి పావుగంట పద్ధతి మారిపోయింది. కనకలక్ష్మి పావు తక్కువ ఆరింటికి కాదు, ఆరింటికి రావాలి. కూలీలంతా ఉన్నప్పుడే రావాలి. గోలీ నోట్లో వేసి, గిలాస అందించి, ఆఖరి గుక్క దాకా తాగించేవాడు. తర్వాత నోరు తెరువు అనేవాడు. నాలుక పైకెత్తు అనేవాడు. చూపుడువేలు పెట్టి రెండు దవడల మధ్య తడిమేవాడు, సంతలో పశువుకు పళ్లు చూసినట్టు. చాయ్ పత్తి వాసన కొట్టే ఆ వేలికి ఆమెకు వాంతి వచ్చేది. వాంతి అయితే ఇంకో గోలీ, ఇంకో గిలాస. కూలీలు మొదట తలలు తిప్పుకునేవారు. తర్వాత అలవాటయింది. కొందరు దాన్ని చూడడానికే తొందరగా వచ్చేవారు. బిక్షపతికి అది అవమానంగా తోచలేదు. అందరూ సాక్ష్యం ఉన్నారు కదా, ఇక ఎలా ఊసేస్తుందో చూస్తాననుకున్నాడు.

బలం చాలడం లేదేమోనని పత్తి ఇంకో చెంచా పెంచాడు. సాయంత్రం కూడా ఒక గిలాస ఇంటికి పంపాడు. భార్య ఎంత పాలిపోతే చాయ్ అంత నల్లబడింది.

ఒకరోజు కనకలక్ష్మి, అతను పాలు తేవడానికి పోయినప్పుడు, డబ్బాలో దాచిన పొట్లంలోంచి నాలుగు గోలీలు తీసుకుని కొంగున కట్టుకుంది. నాలుగు రోజులు మధ్యాహ్నం అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో ఒక్కొక్కటి మింగింది. ఎవరినీ అడగకుండా తన ఒంటి కోసం తాను చేసుకున్న పని ఆమె బతుకులో అదొక్కటే అనుకుంటాను. అయిదో రోజు బిక్షపతి పొట్లం విప్పి లెక్క చూసుకుంటే నాలుగు తగ్గాయి. ఇంటికి ఉరికాడు. ఏం చేశావంటే మింగానంది. నా ముందు మింగనిదానివి నా వెనక ఎలా మింగుతావన్నాడు. చెత్తకుప్ప దగ్గరికి జుట్టు పట్టుకుని లాక్కుపోయి, ఎక్కడ పారేశావో చూపించమన్నాడు. ఏడో నెల కడుపుతో ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఆ బూడిదలో, ఆ పెంటలో చేతులు పెట్టి, లేని గోలీల కోసం వెతికింది. బస్తీ అంతా నిలబడి చూసింది. ఏ ఒక్కరికీ ఆపాలనిపించలేదు. మొగుడు మంచికే చెబుతున్నాడు కదా అనుకున్నారు.

ఎనిమిదో నెలలో రక్తం ఆరున్నరకు దిగింది. మార్తమ్మ వాళ్లింటికి పరుగున వచ్చింది. వెంటనే నగరంలో ప్రసూతి దవాఖానలో చేర్పించాలని, అక్కడ రక్తం ఎక్కిస్తారని చెప్పింది. బిక్షపతి ఒప్పుకోలేదు. దవాఖానలో చేర్పిస్తే తను ఓడిపోయినట్టని అతని లెక్క. నలుగురి ముందు పన్నెండు చేస్తానన్నాడు కదా.

"ఇంకొక్క నెల ఇడువు నర్సమ్మా. దగ్గరుండి మింగిపిస్త. నీ పేరు పోనియ్య."

మార్తమ్మ సరేనండి అంది. మీటింగుల్లో చూపించడానికి తనకు ఉన్న ఒకే ఒక్క మంచి మొగుడు అతను. వచ్చే నెల పెద్ద మీటింగు ఉంది. ఈ లోపల గోలీలు పనిచేస్తే ఎంత బాగుండునని ఆశపడింది. గోలీలు రోజుకు రెండు చేసి వెళ్లిపోయింది. కనకలక్ష్మి లోపలి గదిలో పడుకుని ఈ మాటలన్నీ వింది. లేచి బయటికి వచ్చి ఒక్క మాట చెప్పడానికి గడప పట్టుకుంది కూడా. భర్త మొహం చూసి మళ్లీ లోపలికి పోయింది.

రోజుకు రెండు గోలీలు, రెండు గిలాసలు. మెట్టు ఎక్కితే ఆయాసం, బిందె ఎత్తితే కళ్లు తిరగడం, కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టకపోవడం. చివరి పదిహేను రోజులు డబ్బా దాకా నడవలేకపోతే అతనే ఇంటికి తెచ్చి తాగించాడు. నోరు మాత్రం చూడడం మానలేదు. నోరు తెరువు అని అతను చెప్పకముందే ఆమె తెరిచేది. లోపల నాలుక, చిగుళ్లు, అంగిలి అన్నీ సున్నం వేసినట్టు తెల్లగా ఉండేవి. గోలీ ఉందా లేదా అని మాత్రమే చూశాడు. అంతకు మించి చూడలేదు.

తొంభై ఎనిమిది మాఘమాసంలో ఒక పగటిపూట నొప్పులొచ్చాయి. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికి మధ్యాహ్నం రెండయింది. నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోలు కూడా లేదు, కానీ ఏడ్చింది. బిక్షపతి వరండాలో నిలబడి ఆ ఏడుపు విని దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత లోపలి నుంచి ఆయాలు నెత్తుటి బట్టలు మోసుకొచ్చారు. మళ్లీ మోసుకొచ్చారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, రక్తం కావాలంది. మామూలు ఆడవాళ్లకు ఇంత పోతే ఒక పూట పడుకుని లేస్తారు, ఈమెలో పోవడానికి ఏముందని పోయింది, నెలలు నిండేదాకా ఏం చేస్తున్నారు మీరంతా అని కేకలేసింది. అతని రక్తం సరిపడితే ఒక సీసా తీశారు. ఆ సీసా లోపలికి పోయేసరికి కనకలక్ష్మి లేదు.

చివరికి ఆమె ఏమైనా అందా అని ఆయాను అడిగాడు. నోరు ఎండిపోతోందని మంచినీళ్లు అడిగిందట. ఇవ్వకూడదని ఇవ్వలేదట.

పదకొండో రోజు అయ్యాక మార్తమ్మ ఒక ఫారం పట్టుకుని ఇంటికి వచ్చింది. తల్లి చనిపోతే ఎందుకు చనిపోయిందో రాసి పంపాలి, అది ఆమె పని. గడపలో చెన్నమ్మ మనవరాలికి సీసాపాలు పడుతోంది. బిక్షపతి గోడకు చేరగిలబడి కూర్చున్నాడు, గడ్డం పెరిగింది, నిజంగానే చిక్కిపోయాడు. మార్తమ్మ పేరు, వయసు, కాన్పులు అన్నీ రాసుకుంది. గోలీలు రోజూ వేసుకుందా అని అడిగింది. వేసుకుందన్నాడు.

"దేంతో ఇచ్చేవారండీ?"

ఇన్ని నెలల తర్వాత ఇప్పుడు అడిగింది.  చాయ్ల వగరుంటది అన్న కనకలక్ష్మి గొంతు బిక్షపతి చెవిలో స్పష్టంగా వినిపించింది. అతనికి అప్పుడు అంతా తెలిసిపోయింది. అంతా అంటే అంతా. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా తన చేత్తో తను ఏం పోశాడో తెలిసిపోయింది. ఇదీ సంగతి అని ఆ క్షణాన చెప్పి భోరుమని ఏడ్చి ఉంటే, నేను అతన్ని క్షమించేవాణ్ణేమో.

"నీళ్లతోని," అన్నాడు.

చెన్నమ్మ తల ఎత్తి కొడుకును చూసింది. మళ్లీ తల దించుకుని పిల్ల మూతి తుడిచింది. నీళ్లు అని రాశాక మార్తమ్మ పెన్ను ఆగింది. నీళ్లతో ఇస్తే రక్తం ఎందుకు పెరగలేదో ఆమెకు అంతుచిక్కలేదు. తనకు తోచిన కారణం తనే చెప్పింది. నోట్లో పెట్టుకుని తర్వాత ఊసేసేవాళ్లను చాలామందిని చూశానండి, మీరు చేయాల్సిందంతా చేశారు, మీ తప్పేమీ లేదు అంది.

తప్పించుకోవడానికి దారి ఆమే చూపించింది. అతను చేయాల్సిందల్లా ఊరుకోవడమే. అతను ఊరుకోను కూడా లేదు.

"గట్లనే చేసేది," అన్నాడు.

మార్తమ్మ ఫారంలో రాసింది. గోలీలు సక్రమంగా వాడలేదు అని రాసి సంతకం పెట్టింది. కనకలక్ష్మి బతికిందనడానికి సర్కారు దగ్గర మిగిలిన కాగితం అదొక్కటే. మొండిది, మొగుడు బతిమాలినా వినలేదు, ఇద్దరు బిడ్డల ఉసురు పోసుకుందని బస్తీలో చెప్పుకున్నారు. రెండో బిడ్డ బతికే ఉందని ఎవరూ గుర్తు చేయలేదు.

వానాకాలం వచ్చింది. మేడకు అద్దాలు బిగిస్తున్నారు. కూలీలు తగ్గారు, మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు రావడం మొదలైంది, వాళ్లకూ బిక్షపతి చాయే కావాలి. పొద్దున్నే మొదటి గిలాస మళ్లీ నేల మీద పోస్తున్నాడు. అలాంటి రోజుల్లో మార్తమ్మ మళ్లీ మీటింగు పెట్టి, పెద్ద డాక్టర్లు వస్తున్నారు, మీరు నాలుగు మాటలు చెప్పాలండీ అని కబురు పంపింది. భార్య పోయినా తోటివాళ్ల కోసం వచ్చి మాట్లాడుతున్నాడని డాక్టర్లకు పరిచయం చేసింది.

బిక్షపతి బాగా మాట్లాడాడు. నోరున్నవాడే. పెళ్లాన్ని గాలికి వదిలేయవద్దన్నాడు, గోలీ పొట్లం మీ జేబులో పెట్టుకోండి అన్నాడు, దగ్గరుండి చూడండి అన్నాడు. ఆఖరున నానక్‌రామ్‌గూడలో ఆటో నడిపే శివశంకర్ అనే అతను లేచాడు. భార్యకు అయిదో నెలట. మొహంలో భయం కనిపిస్తోంది.

"దేంతోని మింగియ్యాలె అన్నా? మా ఇంటామె పొద్దుగాల చాయ్‌తోని ఏసుకుంటది."

వరండాలో అందరూ బిక్షపతి వైపు చూశారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"చాయ్‌తోని వద్దు తమ్మీ. చాయ్ల వగరుంటది, గోలీని ఒంటికి పట్టనియ్యదు. నిమ్మకాయ నీళ్లతోని ఇయ్యి."

కనకలక్ష్మి చెప్పిన మాట, అక్షరం పొల్లుపోకుండా. శివశంకర్ తల ఊపి, నువ్వు కూడా అలాగే ఇచ్చావా అన్నా అని అమాయకంగా అడిగాడు.  ఇంతమందిలో, డాక్టర్ల ముందు, ఆ క్షణాన బిక్షపతి తనకు ఏది తోస్తే అది అనేశాడు.

"నేనెన్నిమాట్ల చెప్పిన. ఇనకపోయె. నాకు చాయ్‌తోనే కావాలని మొండికేసేది."

పక్కన కూర్చుని రాసుకుంటున్న మార్తమ్మ తల ఎత్తింది. ఫారంలో నీళ్లు అని రాసింది ఆమె చేయే. అతని మొహం వైపు చూసింది. అతను చూపు తిప్పుకోలేకపోయాడు. ఆరు గంటలకు డబ్బా ముందు జరిగిన తతంగం, నోట్లో వేలు, ఆ గిలాసలు, ఇంకొక్క నెల అని అడిగితే సరేనన్న ఆమె మాట, అన్నీ ఆమెకు ఒకదాని వెంట ఒకటి అర్థమవుతుండడం అతనికి కళ్లముందే కనిపించింది. నిలబడి ఒక్క మాట అంటుందని, అందరి ముందూ అడుగుతుందని ఎదురుచూశాడు.  ఎంత మంచి మనిషి అని పెద్ద డాక్టరు ఆమె వైపు వంగి అన్నాడు. ఆమె పెన్నుకు మూత పెట్టింది. అందరికన్నా ముందు తనే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.